ఫెర్రిటిన్ 142 అంటే ఐరన్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 66 ఏళ్లు, బరువు 58 కిలోలు. రెండేళ్ల క్రితం గుండెపోటు వచ్చింది. అప్పటినుంచి గుండె వైఫల్యానికి మందులు వాడుతోంది. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో స్పందనలో బయటికి పంపే రక్తం వాటా) 30 శాతం అన్నారు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే మాత్ర ఇచ్చారు, ఆస్పిరిన్ కూడా ఉంది. కాళ్ల వాపు పూర్తిగా తగ్గింది, బరువు నిలకడగా ఉంది. అయినా కొన్ని మెట్లు ఎక్కేసరికి ఆగిపోతోంది, స్నానం చేసి వచ్చి కాసేపు పడుకోవాల్సి వస్తోంది. ఈ మధ్య చేసిన పరీక్షల్లో హిమోగ్లోబిన్ 12.3, ఫెర్రిటిన్ 142, సీరం ఐరన్ 42, టీఐబీసీ 310 వచ్చాయి. నిరుడు హిమోగ్లోబిన్ 13.8 ఉండేది. కార్డియాలజిస్ట్ గారు ఐరన్ లోపం ఉందని, నరం ద్వారా ఐరన్ ఎక్కించాలని చెప్పారు. మా కుటుంబ వైద్యులు మాత్రం, రక్తం బాగానే ఉంది, ఫెర్రిటిన్ కూడా నార్మలే, ఇంజెక్షన్‌కు రియాక్షన్ వస్తే ప్రమాదం, మాత్రలు చాలు అంటున్నారు. ఆ మాత్రలు నాలుగు నెలలుగా వాడుతూనే ఉంది. మలబద్ధకం తప్ప ఏ మార్పూ లేదు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

జవాబు: మీరు పంపిన నాలుగు అంకెలను బట్టి చూస్తే కార్డియాలజిస్ట్ గారి మాటే సరైనది. మీ కుటుంబ వైద్యులు చెప్పింది కూడా నిరాధారం కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి విషయంలో ఆయన లెక్కే పనికొస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవారికి లెక్క మారుతుంది. ఆ మార్పు ల్యాబ్ రిపోర్టు మీద ఎక్కడా అచ్చయి ఉండదు. రిపోర్టులో అంకె పక్కన కనిపించే నార్మల్ హద్దులు అందరికీ కలిపి వేసినవి. ఈ రోగికి ఈ జబ్బులో ఎంత ఉంటే చాలో అవి చెప్పవు.

ముందుగా ఫెర్రిటిన్ సంగతి. శరీరం ఐరన్‌ను దాచిపెట్టుకునే ప్రొటీన్ ఇది. రక్తంలో ఎంత కనిపిస్తే లోపల నిల్వలు అంత ఉన్నట్టని స్థూలంగా అనుకుంటాం. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 15 కంటే తక్కువ ఉంటే నిల్వలు ఖాళీ అయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఫెర్రిటిన్‌కు ఇంకో స్వభావం ఉంది. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక వ్యవస్థ రేగడం వల్ల వచ్చే మంట, వాపు) ఉన్నా, నిల్వలతో సంబంధం లేకుండా అది పెరుగుతుంది. గుండె వైఫల్యంలో ఇన్‌ఫ్లమేషన్ సన్నగా, ఎడతెగకుండా సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఈ జబ్బు ఉన్నవారిలో 60 లేదా 80 వచ్చిందంటే నిల్వలు నిండుగా ఉన్నాయని అర్థం కాదు. అందుకే గుండె వైద్యులు గీతను పైకి జరిపారు. ఫెర్రిటిన్ 100 కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపమే. 100 నుంచి 299 మధ్య ఉంటే ఫెర్రిటిన్ ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో కూడా చూడాలి. అది 20 శాతం కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే.

ఈ శాచురేషన్ మీ రిపోర్టులో విడిగా వేసి ఉండకపోవచ్చు. చాలా ల్యాబులు వేయవు. మీరే కట్టుకోవచ్చు. సీరం ఐరన్‌ను టీఐబీసీతో (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పే అంకె) భాగించి వందతో గుణించాలి. 42ను 310తో భాగిస్తే మీ అమ్మగారికి సుమారు 13.5 శాతం వస్తుంది. రక్తంలో ఐరన్‌ను మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్‌లో ఏడో వంతు కూడా నిండలేదన్నమాట. ఫెర్రిటిన్ 142 అన్న అంకె మీ ఇంట్లో అందరికీ ధైర్యమిచ్చినట్టుంది. నన్ను ఆపింది మాత్రం ఈ 13.5. నాలుగు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నా ఇంత తక్కువ ఉందని కూడా గమనించండి.

నిజానికి ఫెర్రిటిన్ కంటే శాచురేషనే నమ్మదగిన గుర్తు అన్న అభిప్రాయం నిపుణుల్లో ఇప్పుడు బలపడుతోంది. గుండె వైఫల్యం ఉన్నవారి ఎముక మజ్జను నేరుగా పరీక్షించి, రక్తంలోని అంకెలతో పోల్చి చూసిన అధ్యయనంలో మజ్జలోని ఐరన్ కొరతను ఫెర్రిటిన్ కంటే శాచురేషన్, సీరం ఐరన్ మెరుగ్గా పట్టించాయి. వీటికీ లోటుపాట్లున్నాయి. సీరం ఐరన్ రోజులో పూటపూటకూ మారుతుంది, మాత్ర వేసుకున్న కొన్ని గంటలు పెరిగి కనిపిస్తుంది. అందుకే పరీక్షకు ఉదయం రక్తమిచ్చి, ఆ రోజు ఐరన్ మాత్ర ఆ తర్వాత వేసుకోవడం మంచిది.

ఇక హిమోగ్లోబిన్. స్త్రీలకు 12, పురుషులకు 13 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. 12.3 ఉంది కాబట్టి మీ అమ్మగారికి రక్తహీనత లేదు, నిజమే. కానీ రక్తహీనత, ఐరన్ లోపం ఒకటి కావు. ఒంట్లోని ఐరన్‌లో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మిగిలినదాంట్లో కొంత నిల్వగా ఉంటుంది, కొంత కండరాల్లో, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో పనిచేస్తుంది. ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిగా మార్చే ఎంజైముల్లో చాలావాటికి ఐరన్ కావాలి. లోపం మొదలైనప్పుడు శరీరం ఎర్రకణాల తయారీకి మొదటి వాటా ఇస్తుంది, కండరాలు వెనకబడతాయి. అందువల్ల హిమోగ్లోబిన్ బాగా కనిపిస్తూనే గుండె కండరమూ కాళ్ల కండరాలూ అలసిపోతాయి. దీర్ఘకాలంగా గుండె వైఫల్యం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఐరన్ లోపం ఉంటుంది, వారిలో చాలామందికి రక్తహీనత ఉండదు. వాపు తగ్గింది, బరువు పెరగలేదు, ఆయాసం మాత్రం తగ్గలేదు అని మీరు రాసిన మాటకు ఇది ఒక వివరణ. ఇదొక్కటే కారణమని మాత్రం నేను అనను. థైరాయిడ్, బి12, మూత్రపిండాల పనితీరు, గుండె లయ, మందుల మోతాదులు చూశారా లేదా అడగండి.

హిమోగ్లోబిన్ విషయంలో నాకు ఎక్కువ పట్టింపుగా అనిపించేది ఆ పాత అంకె. నిరుడు 13.8, ఇప్పుడు 12.3. రెండూ నార్మల్ హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ గుర్తు పెట్టలేదు. ఒంట్లో నీరు ఎక్కువగా ఉన్నప్పుడు రక్తం పలచబడి హిమోగ్లోబిన్ తగ్గినట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ వాపు లేదు, బరువు నిలకడగా ఉంది అంటున్నారు. అలాంటప్పుడు ఒక్క ఏడాదిలో ఒకటిన్నర గ్రాములు ఎక్కడికి పోయాయి?

ఈ ప్రశ్న మీరు కార్డియాలజిస్ట్ గారిని తప్పకుండా అడగాలి. గుండె వైఫల్యంలో ఆకలి తగ్గుతుంది, పేగు గోడ ఉబ్బి ఐరన్ సరిగా ఇంకదు. ఇన్‌ఫ్లమేషన్ దారి మూసేస్తుంది. ఇవన్నీ ఉన్నాయి. వీటితో పాటు మీ అమ్మగారు రక్తం పలచబడే మాత్ర, ఆస్పిరిన్ రెండూ వాడుతున్నారు. కడుపులో చిన్న పుండు, పేగులో చిన్న గడ్డ ఉన్నా ఈ మందుల వల్ల రక్తం రోజూ కొంచెం కొంచెం కారిపోవచ్చు, కంటికి కనిపించదు. నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ తగ్గుతోందంటే జీర్ణకోశం వైపు చూడకుండా ఐరన్ ఎక్కించి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. పెద్దపేగు క్యాన్సర్ బయటపడే దారుల్లో ఇదొకటి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా, ఎప్పుడు చేయాలి అన్నది గుండె పరిస్థితిని చూసి వైద్యులు నిర్ణయిస్తారు. ఐరన్ ఎక్కించడం అందుకోసం ఆగనక్కరలేదు.

మలం గురించి కూడా చెప్పాలి, మొహమాటం వద్దు. ఐరన్ మాత్రలు వాడితే మలం నల్లగా లేదా ముదురు ఆకుపచ్చగా అవుతుంది. అది మామూలే. తారులా జిగురుగా, భరించలేని దుర్వాసనతో ఉంటే అది కడుపులో కారిన రక్తం. మాత్రల వల్లేలే అనుకుని దాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. అలా కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. గుండెపోటు వచ్చి రెండేళ్లయింది కాబట్టి రక్తం పలచబడే మాత్రతో పాటు ఆస్పిరిన్ ఇంకా అవసరమేనా అని కూడా అడగండి. చాలామందికి ఏడాది తర్వాత పలచబడే మాత్ర ఒక్కటే సరిపోతుంది, కొందరికి సరిపోదు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

మాత్రలు ఎందుకు పనిచేయలేదు? మీ అమ్మగారు సరిగా వేసుకోలేదని కాదు. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే అది పెరుగుతుంది. పెరిగిన హెప్సిడిన్ పేగు కణాల నుంచి ఐరన్ రక్తంలోకి రాకుండా ఆపుతుంది, నిల్వల్లో ఉన్నదాన్నీ బయటికి రానివ్వదు. గోదాములో సరుకుంది, తాళం వేసి ఉంది, అంగడి ఖాళీ. ఫెర్రిటిన్ 142 ఉండి శాచురేషన్ 13.5 ఉండడమంటే ఇదే. మాత్రలు పనిచేస్తాయా అన్నది పరీక్షించి కూడా చూశారు. 2017లో వెలువడిన ఐరన్‌ఔట్ అధ్యయనంలో ఈఎఫ్ తగ్గిన 225 మందిలో సగం మందికి 150 మిల్లీగ్రాముల ఐరన్ మాత్రలు రోజుకు రెండుసార్లు 16 వారాలు ఇచ్చారు. శ్రమ చేసే సామర్థ్యంలో ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికీ వీరికీ తేడా రాలేదు. ఐరన్ ఎక్కువగా ఉండే ఆహారం మంచిదే, తినమనండి. కానీ అదీ ఆ మూసిన దారి గుండానే రావాలి. ఆహారం నుంచి సాధారణంగా రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల కంటే పేగు తీసుకోదు. ఈ లోటును అది పూడ్చలేదు.

నరం ద్వారా ఇస్తే పేగుతో పని లేదు. 2009లో ఫెయిర్-హెచ్ఎఫ్ అనే అధ్యయనంలో 459 మందిని తీసుకుని, కొందరికి ఇలా ఇచ్చి చూశారు. ఐరన్ మందు ముదురు గోధుమరంగులో ఉంటుంది, రోగి చూస్తే తెలిసిపోతుంది. అందుకని నల్లని సిరంజీలు వాడి, తెరలు కట్టి ఇచ్చారు. ఈ జాగ్రత్త నాకు నచ్చింది, ఎందుకంటే అలసట తగ్గిందా అని రోగినే అడిగే పరీక్షలో నమ్మకం ప్రభావం చాలా ఉంటుంది. ఆరు నెలల తర్వాత చాలావరకు లేదా ఓ మాదిరిగా మెరుగయ్యామని చెప్పినవారు ఐరన్ తీసుకున్నవారిలో 50 శాతం, తీసుకోనివారిలో 28 శాతం. ఆరు నిమిషాల్లో నడిచిన దూరం కూడా ముప్ఫై మీటర్లకు పైగా పెరిగింది. ముప్ఫై మీటర్లేనా అని తీసిపారేయకండి. స్నానం చేసి వచ్చి పడుకోవాల్సి వస్తున్నవారికి అది ఒక గది నుంచి ఇంకో గదికి ఆగకుండా వెళ్లగలిగే తేడా.

దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందా అని మీరు అడగలేదు, కానీ ఆ ఆశ మనసులో ఉంటుంది. నిజం చెప్పాలి. గుండె వైఫల్యం ముదిరి ఆస్పత్రిలో చేరిన 1,100 మందికి పైగా రోగులతో 2020లో వచ్చిన అఫర్మ్-ఏహెచ్ఎఫ్ అధ్యయనంలో మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిరావడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. మరణాల్లో తేడా కనిపించలేదు. 2022లో బ్రిటన్‌లో జరిగిన ఐరన్‌మ్యాన్, 2023లో 3,065 మందితో వచ్చిన హార్ట్-ఫిడ్, 2025లో వచ్చిన ఫెయిర్-హెచ్ఎఫ్2 పెద్ద అధ్యయనాలే. మేలు రుజువైందని చెప్పడానికి ముందుగా పెట్టుకున్న గీతను ఇవి గణాంకాల ప్రకారం దాటలేకపోయాయి, మొగ్గు మాత్రం ఐరన్ వైపే ఉంది. కాబట్టి నేను చెప్పగలిగేది ఇంతవరకే: ఓపిక పెరిగే అవకాశం బాగా ఉంది, ఆస్పత్రి పాలయ్యే అవసరం తగ్గవచ్చు, ప్రాణం నిలుపుతుందని రుజువు లేదు. యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన సూచన కూడా ఇలాగే ఉంది. ఈఎఫ్ తగ్గినవారికి లక్షణాలు, జీవన నాణ్యత మెరుగుపడేందుకు నరం ద్వారా ఐరన్ ఇవ్వాలని గట్టిగా, ఆస్పత్రి చేరికలు తగ్గేందుకు ఇవ్వడం గురించి ఆలోచించాలని కొంచెం మెత్తగా చెప్పింది. మీ అమ్మగారి ఈఎఫ్ 30 కాబట్టి ఆమె ఈ కోవలోకే వస్తారు. ఈఎఫ్ 50, అంతకంటే ఎక్కువ ఉన్నవారి విషయంలో ఇంత ఆధారం లేదు.

ఇప్పుడు మీ కుటుంబ వైద్యుల భయం దగ్గరికి వద్దాం. పాతకాలపు ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్లతో తీవ్రమైన రియాక్షన్లు వచ్చేవి. ఆ రోజుల్లో చూసినవారికి ఆ జంకు పోదు, వారిని తప్పు పట్టను. ఇప్పుడు గుండె రోగుల్లో ఎక్కువగా పరీక్షించినవి ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్, ఫెర్రిక్ డెరిసోమాల్టోస్ అనేవి. వీటితో ప్రాణాంతకమైన అలెర్జీ చాలా అరుదు. అరుదంటే లేదని కాదు. అందుకే అత్యవసర మందులు, సిబ్బంది ఉన్న ఆస్పత్రిలోనే ఎక్కించుకోవాలి, అయిపోయాక కనీసం అరగంట అక్కడే ఉండాలి. ఇంటికి వచ్చి వేసే ఏర్పాటుకు ఒప్పుకోకండి. ఎక్కిస్తున్నప్పుడు కొందరికి ముఖం ఎర్రబడి, వెచ్చగా అనిపించి, వీపులోనో ఛాతీలోనో పట్టేసినట్టవుతుంది. బీపీ పడిపోకుండా, ఊపిరి అందకపోవడం, దద్దుర్లు లేకుండా ఇదొక్కటే ఉంటే సాధారణంగా అలెర్జీ కాదు. కాసేపు ఆపితే సర్దుకుంటుంది, తర్వాత నెమ్మదిగా కొనసాగించవచ్చు. ఏది ఏమిటో నర్సు, డాక్టరు తేలుస్తారు. మీ అమ్మగారు మాత్రం ఏమనిపించినా ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి. గుండె రోగికి ఛాతీ పట్టేయడమంటే మామూలు సంగతి కాదు. సూది పెట్టిన చోట మంటగా ఉన్నా చెప్పమనండి. మందు బయటికి కారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ పడుతుంది, చాలాకాలం పోదు.

కార్బాక్సీమాల్టోస్‌తో, ముఖ్యంగా మళ్లీ మళ్లీ తీసుకున్నప్పుడు, రక్తంలో ఫాస్ఫేట్ తగ్గవచ్చు. ఐరన్ ఎక్కించాక అలసట తగ్గకపోగా నీరసం, ఎముకల నొప్పులు పెరిగితే ఫాస్ఫేట్ పరీక్ష గుర్తుచేయండి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు ఐరన్ ఎక్కించకూడదు. ఇంతకుముందు ఏ మందుకైనా తీవ్రమైన అలెర్జీ వచ్చి ఉంటే, ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. కండకు వేసే ఐరన్ ఇంజెక్షన్ ఎవరైనా సూచిస్తే వద్దనండి. నొప్పి, మచ్చ తప్ప అదనంగా ఒరిగేది లేదు.

మోతాదు బరువును, హిమోగ్లోబిన్‌ను బట్టి ఉంటుంది. కార్బాక్సీమాల్టోస్ అయితే, హిమోగ్లోబిన్ 10 నుంచి 14 మధ్య ఉండి బరువు 70 కిలోల లోపు ఉన్నవారికి సాధారణంగా మొత్తం 1,000 మిల్లీగ్రాములు. మీ అమ్మగారి బరువుకు అది ఒకేసారి ఇవ్వదగిన హద్దులోనే ఉంది. సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాలు తీసుకుని ఎక్కిస్తారు. ఆస్పత్రిలో రాత్రి ఉండాల్సిన పని సాధారణంగా ఉండదు. ఐరన్ సుక్రోజ్ ఇస్తామంటే కొద్ది కొద్దిగా చాలాసార్లు వెళ్లాల్సి వస్తుంది, గుండె వైఫల్యంలో దానికి ఆధారం కూడా తక్కువ. ఏ మందు ఇస్తున్నారో పేరు అడిగి తెలుసుకోండి.

రక్తం ఎక్కిస్తే పోతుంది కదా అనేవారు ఎదురుకావచ్చు. 12.3 ఉన్నవారికి రక్తం అవసరం లేదు, బలహీనమైన గుండెకు ఆ ద్రవం భారమవుతుంది కూడా. ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపొయెటిన్ తరహా ఇంజెక్షన్లను 2013లో 2,278 మంది గుండె రోగుల్లో పరీక్షించారు. మేలు జరగలేదు, రక్తం గడ్డకట్టే సమస్యలు పెరిగాయి.

ఐరన్ ఎక్కిన మరునాటికి మెట్లు గబగబా ఎక్కేస్తారని ఎదురుచూడకండి. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఫెర్రిటిన్ వెంటనే చూస్తే చాలా ఎక్కువ వచ్చి మళ్లీ ఇంట్లో గాభరా మొదలవుతుంది, కనీసం నాలుగు వారాలు దాని జోలికి పోవద్దు. మూడు నెలలకు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, శాచురేషన్ మూడూ కలిపి చూడాలి. గుండె వైఫల్యానికి ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందు ఈ మధ్యే మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి గుర్తుచేయండి, అవి హెప్సిడిన్‌ను తగ్గించి ఫెర్రిటిన్ అంకెను కొంత కిందికి దించుతాయి. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇదే పరీక్ష చేయించాలి, ఎందుకంటే లోపం తిరిగి వస్తుంది. రక్తం కారుతుంటే ఇంకా త్వరగా వస్తుంది.

నాలుగు నెలలుగా మలబద్ధకం తప్ప ఏమీ ఇవ్వని ఆ మాత్రలను, ఐరన్ ఎక్కించే తేదీ ఖాయమయ్యాక ఆపేయవచ్చా అని కార్డియాలజిస్ట్ గారిని అడగండి. ఆపమంటారనే అనుకుంటున్నాను. వెళ్లేటప్పుడు నిరుటి హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు ఇచ్చిన మందు పేరు, మోతాదు, తేదీ రాయించుకుని, ఆ కాగితం ఒక ప్రతి మీ కుటుంబ వైద్యులకు ఇవ్వండి. రేపు జ్వరమొచ్చినా జలుబు చేసినా ముందు చూసేది ఆయనే కదా.